పాడిన పాటకు క్రొత్త ప్రాణము



ఒకరు రచించి, మఱియొకరు పాడి, జనులందఱి నోళ్లలో నానిన పాటను వేఱొక గాయకుడు చేపట్టి తనదిగా పాడుట యను విద్య యొకటి కలదు. అది యెంగిలి పాట యనియు, సొంత పాట లేనివారు చేయు పని యనియు కొందఱు తేలికగా మాటలాడుదురు. ఆ మాట యెంతవఱకు నిజమో యీ ప్రసంగమున విచారింతము. ఇందులకు ఇద్దఱు గాయకులను సాక్షులుగా పిలుచుచున్నాను. ఒకరు అమెరికా దేశపు జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్. రెండవవారు మన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు.

ముందుగా మన యింటి సంగతి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో ఏకాదశినాటి రాత్రి ఆలయమున భజన జరుగుట మీరెఱుగనిది కాదు. భద్రాచల రామదాసు కీర్తన లేనిదే ఆ భజనకు నిండుదనము రాదు. కంచెర్ల గోపన్న యను ఆ మహాభక్తుడు 17వ శతాబ్దివాడు. గోలకొండ సుల్తాను తానాషా కాలమున చెఱసాలలో మ్రగ్గినవాడు. ఆయన తన పాటలను స్వరపఱచి వ్రాసియుంచిన ప్రతి మనకు దక్కలేదు. పాట నోటినుండి నోటికి నడచి వచ్చినది. అందుచేతనే ఒక గ్రామమున నొక మెట్టును, క్రోసెడు దూరమున నున్న గ్రామమున వేఱొక మెట్టును వినబడును. కావున పరుల పాటను తనదిగా పాడుట మనకు క్రొత్త విద్య కాదు. తాళములు చేతబట్టిన ప్రతి భజనపరుడును ఆ పనియే చేయుచున్నాడు.

ఇక సముద్రములకు ఆవలి సంగతి. జాజ్ అను సంగీతము 20వ శతాబ్ది ఆరంభమున అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున నల్లజాతి ప్రజల నడుమ రూపుదాల్చినది. అందు ఒక పాటయొక్క వరుస ఇంటికి పునాదివంటిది. గాయకుడు ఆ పునాదిని విడువక, దానిపై అప్పటికప్పుడు క్రొత్త గోడలు లేపుచుండును. మన విద్వాంసులు నెరవులోను, స్వరకల్పనలోను చూపు మనోధర్మమును తలచుకొన్నచో ఈ సంగతి సులభముగా బోధపడును.

ఎల్లా ఫిట్జెరాల్డ్ 1917లో జన్మించెను. చిన్ననాటనే తల్లిని గోల్పోయి కష్టముల పాలయ్యెను. 1934లో న్యూయార్కు నగరమందలి అపోలో నాటకశాలలో జరిగిన పోటీకి నాట్యము చేయుటకై వెళ్లి, అక్కడ ధైర్యము చాలక, పాట పాడి బహుమానము గెలిచెను. 1938 నాటికి ఆమె పేరు దేశమంతట మారుమ్రోగెను. 1956 మొదలు 1964 వఱకు అమెరికాలోని ప్రసిద్ధ స్వరకర్తల పాటలను, ఒక్కొక్కరికి ఒక్కొక్క సంపుటిగా, ఆమె రికార్డులలో పాడి పెట్టెను. మాటలు లేని అక్షరములతో, కంఠమునే వాద్యముగా జేసి పాడుటయందు ఆమెను మించినవారు అరుదు. మన తిల్లానాలో జతులు పలుకునట్లే అనుకొనుడు. కాని ఆమె పలుకు అక్షరములు ముందుగా కూర్చుకొన్నవి కావు. 1960లో బెర్లిన్ నగరపు సభలో నొక పాట మాటలు మఱచిపోయి, తాళము తప్పక, అప్పటికప్పుడు వేఱు మాటలు కల్పించి పాడెను. ఆ రికార్డునకే గ్రామీ బహుమానము లభించినది.

ఆ దశాబ్దముననే ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమునుండి బీటిల్స్ అను నలుగురు యువకులు గిటారులతో బయలుదేఱి లోకమును తమవైపు త్రిప్పుకొనిరి. కుఱ్ఱవాండ్రు వారి పాటలకు పరవశులగుచుండగా పెద్దలు చెవులు మూసికొనుచుండిరి. ఎల్లా మాత్రము చెవులు మూసికొనలేదు. ధనముతో ప్రేమను కొనజాలమను భావముగల వారి పాట 1964 మార్చి నెలలో వెలువడగా, మఱుసటి నెలలోనే ఆమె దానిని లండనులో పాడి రికార్డు చేసెను. అప్పటికామెకు నలుబదియేండ్లు దాటినవి. 1969లో తన పేరే పెట్టిన యొక సంపుటిలో బీటిల్స్ పాటలతోబాటు ఆనాటి మఱికొందఱు యువరచయితల పాటలను చేర్చెను. ఆ సంవత్సరమే వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో సభ రికార్డులో క్రీమ్ అను రాక్ మేళమువారి పాటను సైతము పాడెను.

ఈ రికార్డులను వినునప్పుడు మూడు సంగతులు గమనింపవలెను.

మొదటిది గతి. బీటిల్స్ పాటలో దెబ్బ సూటిగా పడుచుండును. మాటయు దానితో సమానముగా నడచును. ఎల్లా పాడునప్పుడు మాట దెబ్బకు ఒకింత ముందుగనో, ఒకింత వెనుకగనో పడును. మన తాళశాస్త్రమున దీనికి సామ్యముగా అతీతము, అనాగతము అను మాటలున్నవి. ఈ చిన్న ఎడమువలన పాట ఊయెలవలె ఊగును.

రెండవది మాట. ఎంత వేగమున పాడినను ఆమె ఉచ్చారణలో ఒక్క అక్షరము మ్రింగబడదు. పాట పరులదైనను మాటను తాను నమ్మి పలికినట్లుండును.

మూడవది మలుపు. ఒకే చరణము రెండవమాఱు వచ్చినపుడు మొదటిమాఱు వచ్చినట్లుండదు. ఎక్కడనో ఒక స్వరము పైకి లేచును. ఎక్కడనో ఒక మాట సాగును. వరుస తెలిసిన శ్రోతకు ఆ మలుపే పండుగ. తెలియని పాటలో మలుపేదియో తెలియదు గదా! పరుల పాటను, అందును అందఱికి తెలిసిన పాటను ఎన్నుకొనుటలోని రహస్యమిదియే.

అన్నియు సఫలములైనవా యన్నచో, కాలేదనియే చెప్పవలెను. 1969 నాటి స్టూడియో సంపుటిలో కొన్నియెడల ఆనాటి వేడుకకు తగిన వాద్యఘోష ఆమె కంఠమునకు చోటు చాలనీయలేదు. వెనుకటి స్వరకర్తల సంపుటులకున్నంత గౌరవము దీనికి రాలేదు. సభలో పాడినపుడో, ఆమెకు తిరుగుటకు జాగా దొరకినది, పాటయు ఆమెదైనది. దీనినిబట్టి, వేషము మార్చినంతమాత్రమున పాట తనది కాదనియు, లోపలినుండి పాటను త్రిప్పవలెననియు తేలుచున్నది.

ఇప్పుడు రెండవ సాక్షి. బాలమురళీకృష్ణగారు 1930లో గోదావరి సీమయందలి శంకరగుప్తమున జన్మించిరి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులై, త్యాగరాజస్వామి శిష్యపరంపరకు చెందిరి. 2016లో దివంగతులైరి. నాలుగు స్వరములతోనే రాగములు కల్పించిన శాస్త్రవేత్త ఆయన. అట్టి విద్వాంసులు విజయవాడ రేడియో కేంద్రమున నున్న కాలమున భక్తిరంజని కార్యక్రమమునకై రామదాసు కీర్తనలను, తత్త్వములను చేపట్టిరి. తరువాత రామదాసు కీర్తనలను రికార్డులకెక్కించిరి. కచేరీ గాయకులకు భజన పాట తగునా యని ఆయన సంకోచింపలేదు.

ఆయన చేసినదేమి? ‘పలుకే బంగారమాయెనా’ అను కీర్తనను ఆనందభైరవిలో ఆయన పాడగా వినుడు. పల్లవి తేటగా నుండును. అక్షరాభ్యాసము లేనివారైనను వెంట పాడవచ్చును. విద్వత్తంతయు గమకములో నడగియుండును. రాముడు మాటాడడేమని భక్తుడు మొఱపెట్టుకొను చోట రాగమే మొఱపెట్టును. పాండిత్యమును చూపుటకు పాటను వాడుకొనక, పాటకొఱకు పాండిత్యమును వాడిరి. గతి, మాట, మలుపు అను మూడు సంగతులును ఇక్కడను సరిపోవుచున్నవి.

ఈ విద్యను మన గద్వాల చీరతో పోల్చవచ్చును. ఒడలు నూలు, అంచును, కొంగును పట్టు. రెండు వేఱు జాతుల దారములు ఒకే మగ్గముపై నేర్పుగా కలుపబడును. కలయిక చెడినచో చీరకు నిలుకడ లేదు. కుదిరినచో నూలుకు మెఱుగు, పట్టుకు మన్నిక. భజన పాట నూలువంటిది. విద్వాంసుని కంఠము పట్టువంటిది. కలిపిన చోటు గట్టిగా నుండుటయే గాయకుని నేర్పు.

ఇక మీకు ముఖ్యముగా మనవి చేయవలసిన సంగతి. గొప్ప గాయకుని రికార్డు ఊరికి వచ్చినపుడు ఒక మేలును, ఒక కీడును వెంటవచ్చును. మేలు చెప్పియే యున్నాను. కీడేమనగా, రికార్డులోని మెట్టే సరియైనదనియు, ఊరి మెట్టు తప్పనియు యువకులు తలచుట. నేడు ప్రతివాని చేతిలోను ఫోను కలదు. అందు వినబడిన దానినే భజనలో అనుకరించుటచే, తాతలనాటి వరుసలు ఒక్కొక్కటిగా మౌనము వహించుచున్నవి. రామదాసు పాటకు వేయి గొంతులు కలవు. దానికి భయము లేదు. మన పాలమూరు సీమలోనే పుట్టిన మన్యంకొండ హనుమద్దాసు, రాకంచర్ల వేంకటదాసు మొదలగువారి కీర్తనల మాటయేమి? వానికి అంతటి ప్రచారము లభింపలేదు. సాహిత్యము అచ్చులో నిలువవచ్చును; మెట్టు మాత్రము పెద్దల గొంతులోనే యున్నది. ఆ గొంతుతోబాటు అది పోయినచో మరల తెచ్చువారు లేరు.

కావున పెద్దలు రెండు పనులు చేయవలెను. మొదటిది, మీకు వచ్చిన వరుసలను మనుమల చేత ఆ ఫోనులోనే పట్టించుడు. ఎవరివద్ద నేర్చితిరో, ఏ యూరి మెట్టో ముందుగా చెప్పి పాడుడు. రెండవది, ఒక రాత్రి భజనలో ముందు ఊరి మెట్టున నొక కీర్తన పాడి, పిదప అదియే కీర్తనను బాలమురళిగారి రికార్డులో వినిపించి, గతి యెక్కడ మాఱినది, మాట యెట్లు పలికినది, మలుపు ఎక్కడ వచ్చినదని పిల్లల నడుగుడు. అప్పుడు వారు రికార్డును శాసనముగా గాక ఉదాహరణముగా వినుట నేర్తురు.

ఎల్లా గాని, బాలమురళిగారు గాని, ముందువారిని అచ్చొత్తినట్లు అనుకరించి పేరు పొందలేదు. పాటను ప్రేమించి, దానికి తమ గొంతును అర్పించి పేరు పొందిరి. వారిని గౌరవించు మార్గము వారి మెట్టును బట్టీయము పట్టుట కాదు. వారి ధైర్యమును నేర్చుకొనుట. మన పల్లెలలో ఆ ధైర్యము పూర్వమునుండియు నున్నది. దానిని పోనీయకుందురుగాక యని కోరుచు విరమించుచున్నాను.