వడ్లు మన ఊరివే, ధర ఎక్కడిది?

బోధన్ చుట్టూ ఎటు చూసినా వరే కదా, మరి బియ్యం ధర ఎందుకు పెరుగుతుందంటారు. న్యాయమైన ప్రశ్నే. 2015 చివర శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు మళ్లు చాలావరకు వరి మళ్లయ్యాయి. అయినా ధర మన మడిని చూసి నిలవదమ్మా.

ప్రపంచంలో పండే బియ్యంలో దేశం దాటి అమ్ముడయ్యేది సుమారు పదో వంతే. తక్కినది పండినచోటే తింటారు. ఆ పదో వంతులో ఈమధ్య దాదాపు 40 శాతం మనదే. మనం తలుపు వేస్తే కొనేవాళ్లు హడలిపోరూ? 2007-08లో మనమూ, వియత్నామూ ఎగుమతులు బిగించేసరికి కొద్ది నెలల్లోనే టన్ను ధర రెండింతలు దాటింది.

2023 జులై 20న మళ్లీ తెల్లబియ్యం ఎగుమతి ఆపారు. అమెరికాలో మనవాళ్లు సోనామసూరి సంచులకు బారులు తీరారు. ఇక్కడా ధర వెంటనే దిగలేదు. ఆ ఆగస్టులో వాన ముఖం చాటేసింది. 2024 సెప్టెంబరులో గానీ నిషేధం ఎత్తేయలేదు.

ఎగుమతి ఆపితే కొనే ఇల్లాలికి ఊరట, వడ్లు అమ్మే ఇల్లాలికి దెబ్బ. మన దిక్కు చాలా ఇళ్లలో ఆ ఇద్దరూ ఒక్కరే! దొడ్డు వడ్లు కల్లంలోనే అమ్మి, సన్నబియ్యం కొట్టులో కొంటాం. ఇంటి మట్టుకు పది గుంటల్లో సన్నరకం వేసి, అవసరమైనప్పుడల్లా మిల్లు పట్టించుకుంటే నలుగురికి దాదాపు యేడాది తిండి వెళ్తుంది.