జావరు కొండల తుత్తునాగము

ఇంటిపై రేకునకు, పొలము చుట్టు కంచె తీగెకు త్రుప్పు పట్టకుండ కాచుచున్న తెల్లని పూత తుత్తునాగము. ఇత్తడి చెంబులో రాగితో కలిసియున్నదియు నదియే. ఈ లోహమును విస్తారముగ తీసినట్లు రుజువైన స్థలములలో మిక్కిలి ప్రాచీనమైనది మన దేశమందే కలదు. రాజస్థానమున ఉదయపురమునకు దక్షిణముగ సుమారు 40 కిలోమీటర్ల దూరమున, ఆరావళి కొండల నడుమ, టీడీ నది యొడ్డున నున్న జావరు గ్రామమే యది.

అచ్చటి శిలలు 170 కోట్ల సంవత్సరములకు పైబడినవి. నేడు కొండలున్న చోట నాడు లోతులేని సముద్రముండెను. దాని యడుగున పేరుకొనిన సున్నపు మడ్డి మగ్నీషియముతో కూడి డోలమైటు అను రాయి యయ్యెను. భూమి లోపలి వేడి యుప్పునీరు లోహములను కరగించుకొని బీటల వెంట పైకి వచ్చి, గంధకము తగిలిన చోట వానిని విడిచినది. పిమ్మట భూమి ముడుతలు పడి కొండలు లేచినప్పుడు ఆ లోహము కొంత కదలి క్రొత్త పగుళ్లలో చేరెను. ఈ క్రమమందలి వివరములను గూర్చి పండితులలో భేదాభిప్రాయము లున్నను, మోచియా, బలారియా, జావర్‌మాలా, బరోయీ కొండలలోని ధాతువు డోలమైటునే యాశ్రయించి యున్నదనుట నిర్వివాదము.

ఆ ధాతువులో గోధుమవన్నె గలది తుత్తునాగపు రాయి. బూడిదవన్నెతో మెరయుచు, మిక్కిలి బరువై, పగులగొట్టిన చదరపు తునుకలగునది సీసపు రాయి. వెండి వేరుగ కానరాదు. సీసపు రాయిలో అణగి యుండును.

ఈ గనులను ఇంచుమించు 2,000 సంవత్సరములకు పూర్వమే త్రవ్విరి. కట్టెలు పేర్చి, మంటతో రాతిని పగులజేసి లోనికి పోయిరి. త్రవ్వుటకంటె కరగించుట కష్టము. తుత్తునాగము 907 డిగ్రీల వేడికే ఆవిరియగును. రాతినుండి దానిని విడదీయుటకు అంతకు మించిన వేడి కావలెను. కావున లోహము ఆవిరిగనే వెలువడి, గాలి సోకిన వెంటనే బూడిదగును. మనవారు వంకాయ యాకారముగల మట్టి మూసలలో ధాతువును నింపి, వానిని తలక్రిందులుగ కొలిమిలో నిలిపి, ఆవిరిని క్రిందనున్న చల్లని యరలోనికి దింపి లోహముగ పట్టిరి. 1983లో జరిగిన త్రవ్వకములలో ఒక్కొక్కటి 36 మూసలుగల కొలుముల వరుస బయల్పడినది. కాలిన మూసలతో కట్టిన గోడలు ఆ యూర నేటికిని కానవచ్చును.

ఇంగ్లండులో విలియం ఛాంపియన్ ఇట్టి పద్ధతికే హక్కుపత్రము పొందినది 1738లో. అప్పటికి జావరు కొలుములు కొన్ని శతాబ్దములు మండియుండెను. పందొమ్మిదవ శతాబ్ది యారంభమునకు అవి చల్లారినవి. మూసను మలచిన చేతులతోడనే ఆ విద్యయు పోయినది. మరల తుత్తునాగము చేయబూనిన నాడు మనము పరదేశపు యంత్రములను ఆశ్రయింపవలసి వచ్చెను.

1966లో భారత ప్రభుత్వము హిందూస్థాన్ జింక్ సంస్థను స్థాపించినది. 2002లో దాని యాజమాన్యము ప్రైవేటువారి వశమైనది. మన విశాఖపట్టణమున ఆ సంస్థ నడిపిన కర్మాగారము మూతపడినది. వినుకొండకు చేరువనున్న అగ్నిగుండాల ప్రాంతమున సైతము సీసమును త్రవ్విరి. అచ్చటి యాతిథేయశిలయు డోలమైటే.

భూస్వాములగు మా పాఠకులకు ఒక సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. పొలము ఏటేట పండును. గని యొక్కసారియే పండును. 170 కోట్ల యేండ్ల పంటను రెండు మూడు తరములు కోసికొనిపోవుచున్నవి. అట్టి పంట విలువను దినవెచ్చమునకు ఖర్చుచేయుట విత్తనపు గింజలను వండుకొని తినుటయే. గనులచే బాధపడు ప్రాంతముల మేలునకై జిల్లా ఖనిజనిధులకు పైకము చెల్లింపవలెనని 2015లో పార్లమెంటు శాసించినది. ఆ ధనము కచేరీ భవనములకు గాక, గని చేరువ పల్లెల చెరువులకు, బడులకు, వైద్యశాలలకు చేరవలెను. లోహవిద్య నేర్పు కళాశాలలును ఆ ప్రాంతములందే వెలయవలెను. రాయి తరిగిపోవుట తప్పదు. విద్య తరిగిపోవుట మాత్రము మన యుపేక్షవలననే జరుగును. జావరున ఒకమారు జరిగినది. మరల జరుగనీయరాదని మేము కోరుచున్నాము.