టర్బో కారులో "ఫాల్స్ నాక్": నిజమో అబద్ధమో తేల్చడం ఎలా?

ఈ మధ్య నన్ను ఎక్కువ మంది అడుగుతున్న ప్రశ్న ఇది. "అన్నా, నా టర్బో పెట్రోల్ కారుకి రీమ్యాప్ చేయించా, డౌన్‌పైప్ మార్చా. లాగ్ తీస్తే ఒక సిలిండర్‌లో 4 డిగ్రీల టైమింగ్ వెనక్కి లాగేస్తోంది. ట్యూనర్ ఏమో అది ఫాల్స్ నాక్, సెన్సర్ సెన్సిటివిటీ తగ్గించేద్దాం అంటున్నాడు. ఓకే చెప్పమంటావా?"

తేల్చుకోకుండా ఓకే చెప్పొద్దు. అది నిజమైన నాక్ అయితే, సెన్సర్‌ని చెవిటిదాన్ని చేశాక ఇంజిన్‌కి ఇంక కాపలా ఉండదు. పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే సన్న గట్టు విరిగిందంటే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. అలాగని నిజంగానే ఫాల్స్ అయితే, డబ్బులు పెట్టి కొన్న పవర్ ఊరికే పోతుంది. రెండు వైపులా నష్టమే, అందుకే టెస్ట్ చేయాలి.

ముందు బేసిక్స్. స్పార్క్ వెలిగించిన మంట సిలిండర్ అంతా పాకేలోపే, మూలల్లో మిగిలిన పెట్రోల్-గాలి మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే పేలితే అది నాక్. ఆ పేలుడుకి సిలిండర్ లోపల గ్యాస్ గంటలా మోగుతుంది. ఏ ఫ్రీక్వెన్సీలో మోగుతుందనేది బోర్ సైజుని బట్టి ఉంటుంది. ఉదాహరణకి ఆక్టేవియా 1.8 టీఎస్ఐ బోర్ 82.5 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే సుమారు 7 కిలోహెర్ట్జ్ వస్తుంది.

నాక్ సెన్సర్ ఇంజిన్ బ్లాక్‌కి బోల్ట్ చేసిన ఒక మైక్ లాంటిది. లోపల పీజో క్రిస్టల్ ఉంటుంది, బ్లాక్ అదిరితే వోల్టేజ్ ఇస్తుంది. ఈసీయూ దాన్ని ఎప్పుడూ వినదు. ప్రతి సిలిండర్ మండే టైమ్‌లో, క్రాంక్ కొన్ని డిగ్రీలు తిరిగేంత సేపు మాత్రమే వింటుంది. అప్పుడు వచ్చిన శబ్దం మామూలు శబ్దం కంటే బాగా ఎక్కువుంటే "నాక్" అని రాసుకుని టైమింగ్ తగ్గిస్తుంది.

తిరకాసు ఇక్కడే ఉంది. అదే టైమ్‌లో, అదే ఫ్రీక్వెన్సీకి దగ్గరగా ఇంకేదైనా మోగినా ఈసీయూ నాక్ అనే అనుకుంటుంది. డౌన్‌పైప్ సబ్‌ఫ్రేమ్‌కి తగలడం, హీట్ షీల్డ్ వదులవడం, గట్టి ఇంజిన్ మౌంట్లు వేయడం, ఫోర్జ్‌డ్ పిస్టన్లు చల్లగా ఉన్నప్పుడు గోడకి కొట్టుకోవడం, ఇవన్నీ అలా మోసం చేయగలవు. మోడిఫై చేసిన కార్లలో ఈ గొడవ ఎక్కువ ఉండేది అందుకే.

ఇప్పుడు టెస్టులు. మొదటిది లాగ్ చదవడం. ఆర్‌పీఎం, లోడ్, బూస్ట్, ఇన్‌టేక్ గాలి వేడి, సిలిండర్ వారీగా టైమింగ్ కరెక్షన్, ఇవన్నీ కలిపి లాగ్ చేయండి. ఫుల్ థ్రాటిల్ రన్ డైనో మీదో ట్రాక్ మీదో చేయండి, ఓఆర్ఆర్ మీద కాదు బాబూ. నిజమైన నాక్ లోడ్‌తో పాటు పెరుగుతుంది, ఎండలో గాలి వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. ఫాల్స్ నాక్ చాలాసార్లు ఒకే ఆర్‌పీఎంకి అతుక్కుని ఉంటుంది. గేర్ మార్చినప్పుడో, గుంతలో పడ్డప్పుడో, యాక్సిలరేటర్ వదిలినప్పుడో కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

రెండోది పెట్రోల్ టెస్ట్. ట్యాంక్ దాదాపు ఖాళీ అయ్యాక ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోల్ నింపి, కాసేపు నడిపి, అదే గేర్‌లో అదే రన్ మళ్ళీ చేయండి. కరెక్షన్ బాగా తగ్గిందంటే అది నిజమైన నాకే. ఏమాత్రం మారకపోతే ఫాల్స్ వైపు ఒక ఓటు.

మూడోది టైమింగ్ టెస్ట్. ఆ ఆర్‌పీఎం దగ్గర 2, 3 డిగ్రీలు టైమింగ్ తగ్గించమని ట్యూనర్‌ని అడగండి. నిజమైన నాక్ అయితే తగ్గుతుంది. డౌన్‌పైప్ కొట్టుకునే చప్పుడుకి ఇంజిన్ టైమింగ్‌తో పనేంటి? అది అలాగే ఉంటుంది.

నాలుగోది చేత్తో, కళ్ళతో చేసే చెక్. ఇంజిన్ పూర్తిగా చల్లారాక డౌన్‌పైప్ పట్టుకుని ఊపండి, మెరిసిన గీతలున్నాయేమో చూడండి, రాపిడి అక్కడే తెలిసిపోతుంది. సెన్సర్ బోల్ట్ టార్క్ కూడా చూడండి. చాలా సెన్సర్లకి 20 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, మీ కారు మాన్యువల్‌లో ఉన్న నంబరే ఫైనల్. వదులైనా తప్పే, మరీ బిగించినా తప్పే. సెన్సర్ కింద వాషర్ పెట్టకూడదు, తుప్పు ఉండకూడదు. కనెక్టర్ పిన్నులు కూడా చూసుకోండి.

ఐదోది చెవి. బ్లాక్‌కి మైక్ బిగించి హెడ్‌ఫోన్స్‌తో వినే పరికరాలు ట్యూనర్ల దగ్గర ఉంటాయి. అలవాటైన చెవికి నిజమైన నాక్ డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు వినిపిస్తుంది. పైపు తగిలే చప్పుడు వేరేగా ఉంటుంది.

ఒక హెచ్చరిక. 1500 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య, పెద్ద గేర్‌లో గట్టిగా తొక్కినప్పుడు ఒక్కసారిగా పెద్ద దెబ్బ వినిపిస్తే దాన్ని ఫాల్స్ అని కొట్టిపారేయకండి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో స్పార్క్ రాకముందే మంట అంటుకునే సమస్య ఒకటుంది. అది ఒక్క దెబ్బతో పిస్టన్‌ని పగలగొట్టగలదు. ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఆయిల్ వాడండి, తక్కువ ఆర్‌పీఎంలో ఫుల్ థ్రాటిల్ తొక్కకండి.

మరి సెన్సిటివిటీ ఎప్పుడు తగ్గించొచ్చు? పెట్రోల్ మార్చినా, టైమింగ్ తగ్గించినా మార్పు రాలేదు, వదులైనవన్నీ బిగించారు, చెవికి కూడా నాక్ లేదు. అప్పుడు ఆ ఒక్క ఆర్‌పీఎం దగ్గర, అవసరమైనంత మేరకే. మొత్తం రేంజ్‌లో తగ్గిస్తానంటే మాత్రం కారు కీ వెనక్కి తీసుకోండి. పైపు తగులుతుంటే పైపుని సరిచేయాలి గానీ సెన్సర్ చెవులు మూయకూడదు.

రిజల్ట్ తేలేదాకా బూస్ట్ తగ్గించి, మంచి పెట్రోల్ పోసి, నెమ్మదిగా నడపండి. వచ్చే ఎపిసోడ్‌లో లాగ్ ఫైల్‌ని ఫోన్‌లోనే గ్రాఫ్ చేసి చూడటం ఎలాగో చెప్తాను. ఉంటా మరి.