చార్జర్ మీద చీమ తలకాయంత అక్షరాలు

సెల్‌ఫోన్ చార్జర్‌ను తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాలు కనిపిస్తాయి. చదవడానికి నాకు కళ్లజోడు చాలదు, ఫొటో తీసి పెద్దది చేసి చూస్తాను. వాటిలో ‘ఆర్’ అనే ఇంగ్లిష్ అక్షరం, ఒక గీత, ఆ తర్వాత ఎనిమిది అంకెలు ఉంటాయి. ఇస్త్రీ పెట్టె మీదో, గీజర్ మీదో వెతికే ఐఎస్ఐ గుర్తు ఇక్కడ ఉండదు. కంగారు పడనక్కర్లేదు. చార్జర్‌కు చట్టం అడిగేది ఈ ఆర్ నంబరునే.

ఈ నంబరు వెనక ల్యాబ్ పరీక్ష ఉంది. చార్జర్ పనిచేస్తుందా లేదా అన్నది దుకాణంలో ప్లగ్గులో పెడితేనే తెలిసిపోతుంది, దానికి ల్యాబ్ ఎందుకు? ల్యాబ్‌వాళ్లు తేల్చేది వేరే సంగతి: చెడిపోతే ఎలా చెడిపోతుంది?

గోడలోంచి వచ్చేది 230 వోల్టుల కరెంటు. చార్జర్ లోపల దాన్ని డీసీగా మార్చాక 325 వోల్టుల దాకా చేరుతుంది. అవతలి ఒడ్డున ఉన్నది 5 వోల్టులే. ఆ ఒడ్డు నుంచి తీగ, తీగ కొసన ఫోను, ఫోను మీద మన చెయ్యి. రెండు ఒడ్లకూ నడుమ ఒక బుల్లి ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు మీద కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ. మన ప్రాణం ఆ ఖాళీలో ఉంది. రెండు పిన్నుల చార్జర్‌కు ఎర్తింగ్ ఆసరా లేదు కాబట్టి ఇన్సులేషన్ రెండింతలుండాలి. లేబుల్ మీద చతురస్రంలో ఇంకో చతురస్రం గీసి ఉంటే దాని అర్థం అదే.

ల్యాబ్‌లో చార్జర్‌ను ముందు తేమ పెట్టెలో నానబెట్టినట్టు ఉంచుతారు. తర్వాత రెండు ఒడ్ల మధ్య 3000 వోల్టులు ఒక నిమిషం పెడతారు. ఇన్సులేషన్ తెగితే ఫెయిల్. ఆపైన కావాలనే లోపలి భాగాలను ఒక్కొక్కటిగా షార్ట్ చేస్తారు. చార్జర్ చచ్చిపోతే తప్పు లేదు, మంట రాకూడదు, 230 వోల్టులు అవతలి ఒడ్డుకు దాటకూడదు. చార్జింగ్‌లో ఉన్న ఫోను ముట్టుకుంటే ఒక్కోసారి వేళ్లకు జుమ్మంటుంది కదా, అలా జారే కరెంటుకూ హద్దు ఉంది. ఈ తరహా చార్జర్లకు అది 0.25 మిల్లీ ఆంపియర్.

ఫుట్‌పాత్ చార్జర్‌లో డబ్బు మిగిలేది ఇక్కడే. ఖాళీ తగ్గుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద టేపు పలచబడుతుంది. ఫోను మాత్రం చక్కగానే చార్జ్ అవుతుంది, అందుకే కొన్నవాడికి అనుమానం రాదు.

ఆర్ నంబరును తప్పనిసరి చేసిన నిర్బంధ రిజిస్ట్రేషన్ ఉత్తర్వు 2012లో వచ్చింది. తొలి జాబితాలో 15 రకాల వస్తువులే ఉన్నాయి. చార్జర్లు, పవర్ బ్యాంకులు, మొబైల్ ఫోన్లు 2014లో చేరాయి. తయారీదారు నమూనాను భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తించిన ల్యాబ్‌కు పంపి, ఆ నివేదికతో నంబరు తెచ్చుకుంటాడు. ఐఎస్ఐకి ముందు ఫ్యాక్టరీ తనిఖీ ఉంటుంది, ఇక్కడ తయారీదారు స్వయంగా ఇచ్చే హామీ మీదే నడుస్తుంది. నా మటుకు ఇదే ఈ ఏర్పాటులో బలహీనత. పరీక్షకు నిలిచింది నమూనా, మన ఇంటికి వచ్చింది దాని తోబుట్టువు. ఆ లోటు పూడ్చడానికి తర్వాత బజారు నుంచి నమూనాలు తీసుకుని మళ్లీ పరీక్షిస్తారు.

ఇక సీఈ అక్షరాలు చూపించి ఇది చాలు అనే దుకాణదారుతో వాదించకండి. అది యూరప్ మార్కెట్ కోసం, మన చట్టానికి దానితో పని లేదు.

ఫోన్‌లో ‘బీఐఎస్ కేర్’ యాప్ వేసుకుని ఆర్ నంబరు కొట్టండి. తయారీదారు పేరు, ఫ్యాక్టరీ చిరునామా, బ్రాండు వస్తాయి. ఒకే బ్రాండుకు రెండు నంబర్లు కనిపిస్తే మోసమనుకోకండి, ఫ్యాక్టరీకి ఒక నంబరు చొప్పున ఇస్తారు. నంబరు నిజమైనదే, బ్రాండు మాత్రం వేరే ఎవరిదో అని వస్తే, పక్కవాడి నంబరు తెచ్చి అచ్చేశారన్నమాట. ఫిర్యాదు పెట్టే చోటు అదే యాప్‌లో ఉంది.