గాలి బరువు

నీటి అడుగున సంచరించు చేపకు తనపై గల నీటి బరువు తెలియదు. మానవుని స్థితియు ఇట్టిదే. భూమిని చుట్టియున్న వాయుసముద్రపు అడుగున అతడు జీవించుచున్నాడు. సముద్రతీరమున ప్రతి చదరపు సెంటీమీటరుపైని గాలి సుమారు ఒక కిలోగ్రాము బరువుతో ఒత్తుచున్నది. అరచేతి వైశాల్యము 100 చదరపు సెంటీమీటర్లనుకొన్నచో, దానిపై ఒక క్వింటాలు భారమున్నట్లు! అంత బరువుగల బియ్యపు బస్తాను అరచేత నిలుపగలవాడు లేడు. అయినను గాలి బరువు చేతిని క్రుంగదీయదు. గాలి పైనుండియే కాక క్రిందినుండియు, ప్రక్కలనుండియు సమానముగా ఒత్తుటయే ఇందుకు కారణము. ఈ ఒత్తిడికే వాతావరణ పీడనమని పేరు.

పదునేడవ శతాబ్దమున ఇటలీ దేశములోని పంపులు నీటిని సుమారు 10 మీటర్లకు మించి పైకి లాగలేకపోవుట పండితులకు వింతగా తోచెను. గెలీలియో శిష్యుడైన టారిసెల్లి దీని కారణము నన్వేషించెను. పాదరసము నీటికంటె పదమూడున్నర రెట్లు బరువైనది. కావున నీటికి మారుగా అతడు దానిని గైకొనెను. ఒక కొన మూసిన గాజుగొట్టమును పాదరసముతో నింపి, రెండవ కొనను వ్రేలితో మూసి, పాదరసపు తొట్టిలో తలక్రిందులుగా నిలిపి వ్రేలు తీయగా, లోని పాదరసము కొంత దిగి, సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలిచిపోయెను. తొట్టిలోని పాదరసముపై ఒత్తుచున్న గాలియే ఈ స్తంభమును నిలిపియున్నదని టారిసెల్లి గ్రహించెను. 1643 ప్రాంతమున ఏర్పడిన ఈ సాధనమే భారమితి.

ఇది నిజమైనచో, ఎత్తునకు పోయినకొలది పైనున్న గాలి తగ్గును, పాదరసమును దిగవలెను. ఫ్రెంచి పండితుడు పాస్కల్ ఇట్లు తలపోసి, ఈ పరీక్షను తన బావయగు పెరియేకు అప్పగించెను. 1648 సెప్టెంబరు 19వ తేదీన పెరియే రెండు గొట్టములను సిద్ధపరచెను. ఒకదానిని క్లెర్మాన్ పట్టణమందలి ఒక మఠపు తోటలో నిలిపి, దినమంతయు దానిని కనిపెట్టియుండుమని ఒక సన్యాసిని కోరెను. రెండవదానితో పుయి ద డోమ్ అను కొండ నెక్కెను. శిఖరముపై పాదరసము 8 సెంటీమీటర్లకు పైగా తగ్గియుండెను. చూచినవారు ఆశ్చర్యపడి, ప్రయోగమును మరల మరల చేసిరి, ఫలితము మారలేదు. వారు దిగివచ్చి యడుగగా, తోటలోని పాదరసము ఉదయమునుండి కదలలేదని సన్యాసి చెప్పెను. గాలికి బరువు గలదనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యమేల? నేడు పీడనమును కొలుచు మానమునకు ఆ పండితుని పేరే పెట్టబడినది. మిల్లీబారు అనినను, హెక్టాపాస్కల్ అనినను ఒక్కటే. సముద్రమట్టమున సగటు పీడనము 1013 మిల్లీబారులు.

సుమారు 3,500 మీటర్ల ఎత్తునగల లేహ్ పట్టణమున పీడనము ఇందులో మూడింట రెండు వంతులు మాత్రమే. క్రొత్తగా పోయినవారికి అచ్చట ఆయాసము కలుగును. నీరు 100 డిగ్రీల వేడి కాకముందే మరగును. కావున పప్పు త్వరగా ఉడుకదు. ఎవరెస్టు శిఖరముపై పీడనము మూడింట ఒక వంతునకు తగ్గిపోవును.

ఎత్తునుబట్టియే కాక, ప్రదేశమునుబట్టియు పీడనము మారుచుండును. భూమధ్యరేఖ ప్రాంతమున ఎండ తీవ్రముగా నుండుటచే గాలి వేడెక్కి, తేలికయై పైకిపోవును. అచ్చట అల్పపీడన మేర్పడును. అట్లు లేచిన గాలి ఉత్తర దక్షిణములకు మరలి, చల్లబడి, 30 డిగ్రీల అక్షాంశముల సమీపమున క్రిందికి దిగును, అచ్చట అధికపీడనము. 60 డిగ్రీల ప్రాంతమున మరల అల్పపీడనము. మిక్కిలి శీతలమైన ధ్రువములకడ మరల అధికపీడనము. ఈ మేఖలలు సూర్యగతి ననుసరించి ఉత్తర దక్షిణములకు కొంత జరుగుచుండును.

నీరు పల్లమునకు పారునట్లు, గాలి అధికపీడన ప్రదేశమునుండి అల్పపీడన ప్రదేశమునకు వీచును. భూభ్రమణమువలన ఉత్తరార్ధగోళమున అది తన మార్గమునకు కుడివైపునకు, దక్షిణార్ధగోళమున ఎడమవైపునకు ఒరగును. వేసవిలో భారతదేశపు వాయవ్యభాగము కాగి, అచ్చట పీడనము తగ్గును. దక్షిణ హిందూమహాసముద్రముపైని అధికపీడనమునుండి బయలుదేరిన గాలి భూమధ్యరేఖను దాటి, దిశ మార్చుకొని, నైరృతి ఋతుపవనమై వర్షమును తెచ్చును. రైతు ఏరువాక సాగించుట ఈ పీడనభేదము పెట్టిన భిక్షయే.

సైబీరియాలోని అగాతాలో 1968 డిసెంబరు 31న పీడనము 1083.8 మిల్లీబారులకు పెరిగెను. పసిఫిక్ మహాసముద్రముపై 1979 అక్టోబరు 12న టిప్ అను తుపానునడుమ 870కి దిగెను.

అన్నము పెట్టు పీడనభేదమే ఒక్కొక్కప్పుడు ప్రాణములు తీయును. వెచ్చని సముద్రముపై ఆవిరితో కూడిన గాలి విస్తారముగా పైకి లేచినప్పుడు పీడనము పడిపోయి, చుట్టునున్న గాలి సుడి తిరుగుచు అచ్చటికి చొచ్చుకొనివచ్చును. ఇదియే తుపాను. ఆ గాలి నెట్టిన సముద్రజలము పల్లపు తీరముపై గోడవలె పడుటయే ఉప్పెన. 1864 నవంబరు 1న మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. నాడు హెచ్చరించు ఏర్పాటే లేదు. ఆ యేడే కలకత్తాను సైతము తుపాను పాడుచేసెను. అటుపిమ్మట 1875లో భారత వాతావరణశాఖ స్థాపింపబడెను. అయినను 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది అసువులు బాసిరి. తుపాను వచ్చుచున్నదని తెలిసినను, ఆ మాట ఎన్నో పల్లెలకు సకాలమున చేరలేదు.

1990 మే నెలలో అదే కృష్ణా తీరమును మరియొక తీవ్రమైన తుపాను తాకెను. దాని నడుమ పీడనము 920 మిల్లీబారులకు పడిపోయినదని అంచనా. ఈసారి లక్షకు పైగా జనమును ముందుగనే సురక్షిత స్థలములకు తరలించిరి. మృతులు వేయిమందిలోపే. అదియు దుఃఖకరమే, కాని ఎన్నివేల ప్రాణములు నిలిచినవో ఊహింపవచ్చును.

ఆ తుపానులో పీడనము తగ్గినది పదింట ఒక వంతైనను కాదు. భారమితిలో పాదరసము బెత్తెడు దిగినట్లు. నేడు పాదరసమునకు తోడుగా విద్యుత్సాధనములును, కృత్రిమోపగ్రహములును గాలిని కనిపెట్టుచున్నవి. అయినను వాటి పని నాడు మఠపు తోటలో సన్యాసి చేసిన పనియే. ఏమరక చూచుట, చూచినది సకాలమున చెప్పుట, చెప్పినది వినుట: ఈ మూడును కూడినప్పుడే శాస్త్రము ప్రాణములను కాపాడును.