సేవ చేసిన చేతులకు షుక్రియా

కృతజ్ఞత రెండు విధాలు. ప్రాణం పోసిన ప్రభువుకు చెల్లించేది ఒకటి. ఆ ప్రాణం నిలవడానికి సాధనమైన మనుషులకు చెల్లించేది రెండోది. తోటి మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాలేడని దైవప్రవక్త (స) బోధించారు. మొదటిది మనం నమాజులో మరువం. రెండోది మాత్రం ఆస్పత్రి గేటు దాటగానే మరచిపోతాం. ఆ బాకీలో కొంతైనా తీర్చుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మాది చిత్తూరు జిల్లా వెంకటగిరికోట. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు దగ్గరపడే చోటు. మా బజారులో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. 2023 నవంబరులో మా అమ్మకు జ్వరం వచ్చింది. మూడు రోజులు మాత్రలతో గడిపాం. ఒకచోట చూపిస్తే టైఫాయిడ్ కావచ్చన్నారు. సెలైన్ ఎక్కించారు. దమ్ చేసిన నీళ్లూ తాగించాం. ఎనిమిదో రోజుకు ఆయాసం ఎక్కువైంది. కన్నబిడ్డలనే గుర్తుపట్టలేదు. ఇషా వేళకు కారు మాట్లాడుకుని, ఘాటు దిగి, పేర్ణంబట్టు, గుడియాత్తం మీదుగా వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రికి చేర్చాం.

దాచుకున్న మచ్చ

క్యాజువాలిటీలో డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న, "ఒంటిమీద ఎక్కడైనా నల్లగా మాడినట్టు పుండు ఉందా?" అని. లేదన్నాం. నిజానికి మాకు తెలియదు. ఆమె తెర లాగించి, మా అక్కను మాత్రమే లోపల ఉంచి, నర్సు సాయంతో వెదికింది. రొమ్ము కింది మడతలో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పొక్కు కనిపించింది. అమ్మకు దాని సంగతి ముందే తెలుసట. నొప్పి లేదు కదా, మగ డాక్టరుకు ఎలా చెప్పేది అని ఊరుకుందట. ఈ మాట తర్వాత ఆమే చెప్పింది.

జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు కుడితే వస్తుంది. మన ప్రాంతంలో వానలు పడ్డాక, చలి నెలల్లో ఎక్కువ. మొదట మామూలు జ్వరంలాగే ఉంటుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. పొక్కు అందరికీ కనిపించదు. కనిపించినా చంకల్లో, గజ్జల్లో, రొమ్ము కింద దాగి ఉంటుంది. దీనికి మందు డాక్సీసైక్లిన్. అరుదైనదీ కాదు, ఖరీదైనదీ కాదు. వేళకు అందితే చాలామందికి రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. జబ్బు ముదిరినవారికి డాక్సీసైక్లిన్‌తో పాటు అజిత్రోమైసిన్ కూడా నరంలోకి ఇస్తే, ఏ ఒక్కటి ఇచ్చినదాని కన్నా మేలని సి.ఎం.సి. వైద్యుల నాయకత్వంలో సుమారు 800 మంది రోగులపై జరిగిన పరిశోధన తేల్చింది. అది 2023లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది.

అమ్మ ఆరు రోజులు ఐ.సి.యు.లో ఉంది. ఒక మలయాళీ సిస్టరుకు మా భాష రాదు, అమ్మకు ఆమె భాష రాదు. అయినా ఒళ్లు తుడిచిన ప్రతిసారీ అమ్మ తలమీద కొంగు సరిచేసి వెళ్లేది. మందు ఇచ్చినందుకు జీతం వస్తుంది. కొంగు సరిచేసినందుకు ఎవరు జీతమిస్తారు?

ఆ ముగ్గురిలో ఒకరు

ఈ ఆస్పత్రి పుట్టుక కథ ప్రతి ముస్లిం కుటుంబమూ తెలుసుకోదగ్గది. 1890లలో ఐడా స్కడర్ అనే అమెరికన్ యువతి తిండివనంలో తల్లిదండ్రుల వద్ద ఉండేది. ఒక రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. భార్యలు ప్రసవవేదనలో ఉన్నారు, సాయం కావాలన్నారు. ఆమె తండ్రి డాక్టరే. కానీ పరాయి మగవాడు తమ స్త్రీలను చూడరాదన్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు హిందువులు, ఒకరు ముస్లిం. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఐడా వెళ్లి వైద్యం చదివి, 1899లో పట్టా పుచ్చుకుని, 1900లో వేలూరులో ఒకే మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902లో 40 పడకల ఆస్పత్రి, 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల వచ్చాయి. గుడియాత్తం దారిలో చెట్లకింద ఆగి ఆగి రోగులను చూసేదట. మేము అమ్మను తీసుకెళ్లినది ఆ దారినే.

స్త్రీలు వైద్యసేవ చేయడం మనకు కొత్త కాదు. కందక యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి)ని మస్జిదె నబవీలో రుఫైదా (రజి) గుడారంలో ఉంచి చికిత్స చేయించారు దైవప్రవక్త (స). లజ్జ ఈమాన్‌లో భాగమే. కానీ అది ప్రాణం మీదికి తెచ్చుకోవడానికి కాదు. మగ డాక్టరుకు చెప్పలేకపోతే నర్సమ్మకు చెప్పవచ్చు, కూతురితో చెప్పించవచ్చు. మన ఆడపిల్లలను డాక్టర్లుగా, నర్సులుగా చదివించవచ్చు. ఆ ముగ్గురు స్త్రీలకు కరువైనది అదే కదా!

డిశ్చార్జి రోజున అమ్మ ఆ సిస్టరు చేతిలో ఐదువందల నోటు పెట్టబోయింది. ఆమె నవ్వి, నోటు మళ్లీ అమ్మ గుప్పిట్లోనే మూసింది. మేము అన్నదమ్ములం బ్లడ్‌బ్యాంకుకు వెళ్లి రక్తమిచ్చి వచ్చాం.

అమ్మ తన షుక్రియా వేరేగా చెల్లిస్తోంది. మా వీధిలో ఎవరింట జ్వరమని విన్నా వెళ్తుంది. ఆడవాళ్లను లోపలి గదికి పిలిచి, "నల్లమచ్చ ఏమైనా ఉందేమో చూసుకోవే, సిగ్గుపడకు" అంటుంది. ఆ రోజు డాక్టరుకు చెప్పలేకపోయిన మాటను ఇప్పుడు ఊరంతా చెబుతోంది.

రోగులకు సేవచేసే ప్రతి చేతినీ అల్లాహ్ చల్లగా చూడుగాక! ఆమీన్.