తుప్పు వదిలించే ముందు లోహాన్ని తెలుసుకొందాం

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. అక్కడ తయారైన జావా, యెజ్డీ మోటారు సైకిళ్ళు కొన్ని మన క్వార్టర్ల షెడ్లలో గోనెసంచులు కప్పుకొని నేటికీ ఉన్నాయి. తండ్రి డ్యూటీకి వెళ్ళిన బండిని మళ్ళీ నడిపించాలని కుమారుడు ముచ్చటపడడం సహజమే. ఆ కాలపు అసలు విడిభాగాలు సులభంగా దొరకవు గనుక, ఉన్నవాటిని చెడకుండా శుభ్రపరచడమే ఇందులో ముఖ్యమైన పని.

సెలవు దినాల్లో ఇటువంటి బండ్లను బాగుచేసుకొనే మిత్రబృందంగా మేము గమనించినది ఒకటుంది. తుప్పు చేసే నష్టానికి, దానిని వదిలించాలనే తొందర చేసే నష్టం ఏమాత్రం తీసిపోదు. చాలామంది మొదట ఆశ్రయించేది బాత్రూము యాసిడ్‌ను. ఇది హైడ్రోక్లోరికామ్లమే. తుప్పును త్వరగా కరిగిస్తుంది. అక్కడితో ఆగక క్రింది మంచి ఇనుమును కూడ తింటుంది. పిక్లింగ్ పనిలో ఉన్న సోదరులు ఆమ్లంలో నిరోధకం కలిపి, కాలాన్ని లెక్కించి పని చేస్తారు. ఇంటి పెరటిలో ఆ అదుపు ఎక్కడిది?

అసలు ప్రమాదం కంటికి కనబడదు. ఆమ్లచర్యలో పుట్టిన హైడ్రోజన్ కొంత లోహంలోకి చొచ్చుకొనిపోయి, గట్టి ఉక్కును పెళుసుగా మారుస్తుంది. స్ప్రింగులు, గట్టిపరచిన బోల్టులు పైకి తళతళలాడుతూనే, భారం పడిన కొన్ని గంటలకో, రోజులకో హఠాత్తుగా విరుగవచ్చు. బ్రేకులకు, ముందు ఫోర్కుకు సంబంధించిన ఇటువంటి భాగాలను ఆమ్లంలో ముంచవద్దని మేము పట్టుబట్టేది ఇందుకే. వాటికి డీజిలు, తీగల బ్రష్షు, ఓపిక చాలు. బ్రేకు లైనింగుకు మాత్రం జిడ్డు తగలరాదు. గుంటలు పడిన బోల్టును మార్చవలసిందే. అక్కడ పొదుపు పనికిరాదు.

స్టాండు, ఫుట్‌రెస్టు, క్లాంపుల వంటి మెత్తని ఉక్కు భాగాలకు నిమ్మ ఉప్పు మేలు. లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాములు చాలు. ముందుగా గ్రీజు పూర్తిగా వదిలించాలి. జిడ్డున్నచోట ద్రావణం పనిచేయదు. మధ్యమధ్య పైకి తీసి బ్రష్షుతో రుద్దుతూ, తుప్పు పోగానే ఆపాలి. చింతపండుతో ఇత్తడి బిందెలు తోమే మన ఇల్లాండ్రకు ఈ రసాయనశాస్త్రం కొత్తది కాదు! పిదప చాకలిసోడా నీటిలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. ఆలస్యమైతే, ముఖ్యంగా సముద్రపుగాలి వీచే ఊళ్ళలో, చూస్తూండగానే మళ్ళీ పచ్చని తుప్పు పొడచూపుతుంది.

కార్బురేటర్‌ను, ఇంజను పై తొడుగులను ఈ తొట్టిలో వేయరాదు. అవి అల్యూమినియం, జింకు మిశ్రమలోహాలు. ఆమ్లం వాటిని కొరుకుతుంది. కాస్టిక్ సోడా అయితే అల్యూమినియాన్ని కరిగించి, మండే స్వభావంగల హైడ్రోజన్‌ను వెలువరిస్తుంది.

క్రోమియం పూత గల రిమ్ములపై చుక్కలుగా తేలిన తుప్పుకు ఎమెరీ కాగితం వద్దు. వంటింటి అల్యూమినియం రేకును తడిపి నెమ్మదిగా రుద్దితే చాలు. అది క్రోమియంకంటె మెత్తనిది కనుక గీతలు పడవు. పూత లేచిపోయినచోట మాత్రం ఈ ఉపాయం సాగదు.

ఇక పెట్రోలు టాంకు. ఇంధనం ఒంపివేసినంత మాత్రాన అది ఖాళీ అయినట్లు కాదు. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి ఒక్క నిప్పురవ్వకే పేలగలదు. కనుక ఆ పనిని ఆరుబయటనే చేయాలి. టాంకుకు చిల్లి ఉంటే, దానిని శాస్త్రీయంగా ఆవిరిరహితం చేయగల వెల్డరుకే అప్పగించాలి.